పేపర్లో లేని మాట

గురువారం, మధ్యాహ్నం ఒంటి గంటా నలభై నిమిషాలు. మిల్లు గోడ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి ముప్పై ఎనిమిది అనుకోండి. ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, నిద్రమత్తులో ఉన్నావేమో అని తర్వాత చాలామంది అడిగారు. లేను. అన్నం తిని, చేయి కడుక్కుని, నిటారుగా కూర్చుని ఉన్నాను.

దయ్యాలను నేను ఏ రోజూ నమ్మలేదు. మా వీధిలో దయ్యం పట్టిందన్న ఇద్దరు ఆడవాళ్లను నేనే ఆసుపత్రికి పిల్చుకుపోయాను. ఒకామెకు ఒంట్లో రక్తం లేదు. ఇంకొకామెను మొగుడు రోజూ కొట్టేవాడు. దయ్యాల గురించి నాకు తెలిసింది అంతే. ఇప్పుడు రాసేది దయ్యం సంగతి అని కూడా అనను. ఏమిటో తెలియకనే రాస్తున్నాను.

నా పేరు లింగమ్మ. అరవై ఏడేళ్లు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతాను. మిషన్లోకి పోయే ముందు పత్తిలోని ఆకు, పుచ్చిన కాయ, గోతాం దారం తీసేయడం మా పని. చదువు నాకు యాభై ఆరో ఏట వచ్చింది. నాతో పనిచేసే మేరమ్మ కూతురు నేర్పింది. ఇప్పటికీ వేలు పెట్టి ఒక్కో అక్షరమే పలుకుతాను. చివరి అక్షరం పలికేదాకా ఆ మాట ఏమిటో నాకే తెలియదు. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇంకొకటి. మా కాలపు ఆడవాళ్లం మొగుని పేరు నోటితో అనం. నా మొగునికి ఈరన్న స్వామి గుడి ఉన్న ఊరి పేరే పెట్టారు, చివర ఒక అప్ప చేర్చి. అందుకని బస్సెక్కితే ఆ ఊరి పేరు కూడా నా నోట రాదు. "స్వామి కాడికి ఒక టికెట్టు" అంటాను. "ఏ స్వామి అవ్వా, ఈ పక్క గజానికొక స్వామి ఉండాడు" అని ఒక కండక్టరు బస్సంతా నవ్వించాడు.

ఆయన టెంపో నడిపేవాడు. ఆదోని నుంచి యెమ్మిగనూరు మీదుగా నందవరం. పందొమ్మిదేళ్ల కిందట, నందవరం ఇంకా రాకముందే, బండి ఒక కల్వర్టు గోడను కొట్టి కింద పడింది. ఆయన పోయాడు. ఆయనతో పాటు ముగ్గురు పోయారు. తిన్నటి రోడ్డు. పట్టపగలు. ఆయన తాగే మనిషి కాదు. రోడ్డు మీద బ్రేకు వేసిన టైరు గీత ఒక్కటీ లేదన్నారు. మరి ఎట్లా పడింది?

దానికి జవాబు నేనే ఇచ్చాను. ఆ పొద్దున మేమిద్దరం పోట్లాడుకున్నాం. ఎందుకో రాయను, అన్ని ఇళ్లలో జరిగేదే. రోజూ "పోయొస్తా" అని గడప దాటే మనిషి ఆ రోజు "పోతా" అన్నాడు. శవం దగ్గర ఏడుస్తూ ఆ మాట నలుగురిలో చెప్పాను. సాయంత్రానికల్లా ఊరు తేల్చేసింది, కావాలనే తిప్పినాడని. చనిపోయిన వాళ్లలో ఒకాయన తల్లి మా గడప ముందుకు వచ్చి, "సచ్చేవాడు ఒక్కడే సావాల గదే, నా కొడుకునేంటికి తీసకపోయినాడు?" అని అడిగింది. ఆమెకు ఏం చెప్పాలి? అప్పట్లో నేనూ అదే అడుగుతూ ఉన్నాను.

నేను కూడా నమ్మాను. ముప్పై రెండేళ్లు కాపురం చేసిన దానికి ఒక్క మాట చెప్పకుండా, తన పాటికి తను పోయి, ఊరి శాపనార్థాలన్నీ నా నెత్తిన వేశాడని నమ్మాను. బండి ఎక్కిన వాళ్లను మోసం చేశాడు, ఇంట్లో ఉన్న నన్ను మోసం చేశాడు. పెద్దల అమావాస్య నాడు అత్తకు, మామకు విస్తరి వేశాను. ఆయనకు వేయలేదు. ఒక్క ఏడు కూడా వేయలేదు.

ఇక ఆ గురువారం సంగతి.

అంతకు కొన్ని రోజుల ముందు ఎక్కడో దూరదేశంలో విమానం ఒకటి సముద్రంలో పడింది. నడిపేవాడే కావాలని పడేశాడేమోనని టీవీలో పొద్దస్తమానం అదే మాట. టీ అంగట్లో, ఆటోల్లో, పత్తి యార్డులో కూడా అదే. విమానం ముఖం చూడని మనుషులం, మా ఇంటి మనిషే మోసం చేసినట్టు మండిపడుతున్నాం.

మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు పేపరు చదవడం నా వంతు. తూకం గుమాస్తా శేఖరప్ప పేపరు మాకు ఇచ్చి, తను పక్కనే మూటకు ఆనుకుని కూర్చుంటాడు. ఆ రోజు పెద్ద అక్షరాలు వేలు పెట్టి చదివాను. "వి-మా-నా-న్ని కూ-ల్చిం-ది పై-ల-టే."

"అనుకుంటినే," అంది నాతో పత్తి ఏరే కాశింబీ. గిన్నె కింద పెట్టి మరీ అంది. "సచ్చేవాడు ఒక్కడే సావాల గదక్కా. అంతమంది పిల్లాజెల్లని ఏంటికి తీసకపోవాల? వాడు మంచోడని నమ్మే గదా ఎక్కినారు."

రంగమ్మ నా ముఖం చూసి తల దించుకుంది. ఆమె మా వీధి మనిషి, ఆమెకు అంతా తెలుసు. మేరమ్మకు, కాశింబీకి నా మొగుడు యాక్సిడెంటులో పోయాడని మాత్రమే తెలుసు.

"వాని పెండ్లాన్ని అడగాల," అంది మేరమ్మ. "పొద్దున ఇల్లు దాటేటప్పుడు ఏమనిపోయినాడో ఆమెకు తెలిసే ఉంటాది."

నేను ఆ పెద్ద అక్షరాల మీద నుంచి వేలు తీయలేదు.

శేఖరప్ప నవ్వాడు. "లింగమ్మక్కా, ఆ మాట చివర కొక్కెం ఉండాది సూడు. అది అడిగేది. చెప్పేది కాదు."

"యాడప్పా కొక్కెం?"

"అదే, ఈగ కాలు మాదిరి వంకర తిరిగింది."

"నేను అచ్చు మరక అనుకొంటి."

"మరకే! ఆ మరక వదిలిపెట్టి ఒక మనిషిని ఖూనీకోరును చేస్తివి గదక్కా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా ఊళ్లో కూడా పొద్దున "తిప్పినాడా?" అని అడిగిన వాళ్లే సాయంత్రానికి "తిప్పినాడు" అన్నారు. ఆ కొక్కెం ఎక్కడ రాలిపోయిందో ఎవరూ చూడలేదు.

"సదువు, ఇంకా కింద ఏముండాదో," అంది కాశింబీ.

కింద చిన్న అక్షరాలు. వేలు పెట్టాను. మొదటి అక్షరం పలికాను. రెండోది, మూడోది. ఐదు అక్షరాలు. పలకడం అయ్యాక గానీ నాకు చెవిన పడలేదు, నేను పలికింది నా మొగుని పేరని. అప్పటికే నా వేలు ముందుకు పోయింది. వేలు ఆగలేదు. నోరూ ఆగలేదు. "తొ-క్కి-నా-డు. బ్రే-కు కిం-ద చె-ప్పు ప-డిం-ది."

రంగమ్మ లేచి నిలబడింది. "లింగక్కా! నీ మొగుని పేరు పలికినావే!"

ఆమె గుండె మీద చేయి పెట్టుకోవడం చూశాను. నేను పేపరు కింద పెట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. శేఖరప్పే వచ్చి నా వేలు కింద నుంచి లాక్కుని చదివాడు. అక్కడ ఉన్నది సముద్రంలో వెతుకుతున్న ఓడల సంగతి. ఆయన ఆ వార్త మూడుసార్లు పైకి చదివాడు. మనిషి పేరు లేదు. చెప్పు లేదు. బ్రేకు అన్న మాటే లేదు. విమానం వార్తలో బ్రేకు ఎందుకుంటుంది?

గడియారం చూసింది అప్పుడే.

రెండింటికి సైరను మోగింది. అందరం పనిలోకి పోయాం.

సాయంత్రం ఇంటికి పోయి ట్రంకుపెట్టె తీశాను. పోలీసులు నాకు ఇచ్చినవి మూడే. గడియారం, తుండుగుడ్డ, ఒక చెప్పు. ఆయన బండెక్కగానే చెప్పులు విడిచి సీటు పక్కన పెట్టేవాడు. అన్నం పెట్టే బండిని చెప్పుకాలితో తొక్కకూడదనేవాడు. మా వైపు డ్రైవర్లు చాలామంది అంతే. ఆ ఒంటి చెప్పును పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తీసి చూడలేదు. పారేయడానికి చేయి రాలేదు, చూడడానికి మనసు రాలేదు.

చెప్పు నడుమ, అడ్డంగా, ఇనుప కడ్డీ అదిమినట్టు లోతుగా ఒక గాడి ఉంది.

మరుసటి రోజు పాత టెంపోలు బాగుచేసే మెకానిక్కుకు చూపించాను. చాలాసేపు తిప్పి చూశాడు. "చెప్పు బ్రేకు పెడలు కిందికి జారి ఉంటే ఇట్లనే గాడి పడతాదవ్వా. ఎంత తొక్కినా బ్రేకు పడదు. రోడ్డు మీద గీతా పడదు," అన్నాడు. మళ్లీ అతనే, "ఇన్నేండ్లు పెట్టెలో ఏదన్నా బరువు కింద ఉన్నా పడొచ్చులే," అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రెండూ అన్నాడు.

మనసులో ఉన్నదే నోటికి వచ్చిందని శేఖరప్ప అంటాడు. ఆ రోజు మాటలన్నీ నా గాయం మీదే పడ్డాయి కాబట్టి నా మొగుని పేరు రావచ్చు. ఒప్పుకుంటాను. కానీ చెప్పు సంగతి నా మనసులో ఏ రోజూ లేదు. నా మనసులో ఉన్నది ఆయన చేసిన మోసం ఒక్కటే. అక్షరం అక్షరం కూడబలుక్కునే దాన్ని, లేని మాట ఎట్లా చదివాను? ఇప్పటికీ నాకు తెలియదు.

"పోతా" అన్న మాట కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను. ఆ పొద్దున కిరసనాయిలు స్టవ్వు రొద పెడుతూ ఉండింది. ఆయన వీపు నా వైపు ఉంది. "వస్తా" అన్న తక్కిన సగం ఆ రొదలో పోయిందేమో. ఆ సగం మాటతోనే నేను ఆయనను ఊరికి పట్టిచ్చాను. పందొమ్మిదేళ్లు మోసపోయానని ఏడ్చిన దాన్ని. మోసం ఎవరు చేశారో ఇప్పుడు చెప్పమంటే నా నోరు లేవదు.

ఈ ఏడు పెద్దల అమావాస్యకు ఆయనకు విస్తరి వేశాను. కాకి ముట్టింది. కాకి ఎవరిదైనా ముడుతుంది, దాన్ని నేను సాక్ష్యం కింద రాయను.

ఆ గురువారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. మా వీధి రంగమ్మ. కాశింబీ. నాకు చదువు చెప్పిన పిల్ల తల్లి మేరమ్మ. తూకం గుమాస్తా శేఖరప్ప. నేను, లింగమ్మ. ఇంకొకరు ఉన్నారో లేదో నేను చెప్పలేను. ఆయన పేరు నోటితో అనడం ఈ వయసులో ఇక నాకు రాదు. రాయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఉరుకుందప్ప.