పాస్టరుగారి వెనక నీడ

ఫ్లాష్ బల్బు ఒక్కసారి మెరిసి చచ్చిపోయే రోజులవి. అరవైల మొదట్లో హిందూపురంలో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరి, రెండు మూడు పెళ్ళిళ్ళు తీయగానే లోకంలోని వెలుగంతా నా భుజాన వేలాడే తోలుసంచిలోనే ఉందనుకునేవాణ్ణి. (ఆ వయసు అహంకారాన్ని దేవుడు కూడా కాస్త చూసీచూడనట్టు పోనిస్తాడు.) ఆ ధైర్యంతోనే, ధర్మవరానికి బదిలీ అయిన మా పెనుకొండ పాస్టరుగారి ఫోటో నేనే తీస్తానని సంఘానికి మాటిచ్చాను. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఆయన వెళ్ళిపోయాక చర్చి గోడకు తగిలించుకోవడానికి మాకు మిగిలేది ఆ ఫోటో ఒక్కటే.

మొదటిసారి ఆయన్ను చర్చిలోపల సున్నం గోడకు ఆనించి నిలబెట్టి, ఎదురుగా ఫ్లాష్ కొట్టాను. ఫిల్ము కడిగి చూస్తే ముఖం పిండిబొమ్మలా ఉంది, వెనక తారు పోసినట్టు నల్లటి నీడ. చెవులమీద లేచిన జుట్టు ఆ నీడలో రెండు కొమ్ములైంది. సంఘపెద్ద అయిన మా పెదనాయన ఫోటోను దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏమప్పా, అయ్యగారిని తీయమంటే వెనకాల సైతాన్ని గూడా తీసుకొస్తివే!"

సాతాను వెలుగుదూత వేషంలో వస్తాడని సండేస్కూల్లో నేర్చుకున్నాను గానీ, ఫ్లాష్ వెలుగులో వస్తాడని ఎవరూ చెప్పలేదు. బెంగుళూరు స్టూడియోల్లో వెలుగును మెత్తబరచడానికి తెల్లగొడుగులు వాడతారట. మా ఓనరుకు ఉన్నది వానకు పట్టే నల్లగొడుగు. అందుకని రెండోసారి ఫ్లాష్‌కు చేతిరుమాలు చుట్టాను. బల్బు వేడికి అది కమిలి చర్చంతా కమురువాసన. "ధూపం వేయడం మన పద్ధతి కాదు నాయనా" అన్నారు పాస్టరుగారు నవ్వుతూ. కొమ్ములు మాత్రం పోలేదు. బయట ఎండలో తీద్దామంటే, వాక్యం చెప్పిన చోటే నిలబడతానన్నారు. సంచిలో ఇక ఒక్క బల్బే ఉంది. ఆదివారం ఆరాధన కాగానే ఆయన రైలెక్కుతారు.

ఆ ఆదివారం ప్రార్థనలో కూడా నా కళ్ళు మూతపడలేదు. మా చర్చికి ఆడా మగా అందరూ తెల్లబట్టలే కట్టుకొస్తారు. పాటకు సంఘం లేచి నిలబడగానే, వాకిట్లోంచి వచ్చిన ఎండ ఆ తెల్లచీరల మీద పడి పాస్టరుగారి ముఖం తేటబడింది. కూర్చోగానే మసకబారింది. ఇంకేం, ఆమెన్ అనీ అనకముందే పరుగెత్తాను. ఆయన్ను గోడనుంచి ముందుకు జరిపి, ఆయనకెదురుగా నా వెనక అర్ధచంద్రంలా గుమిగూడమని అందరికీ చెప్పాను. మా అవ్వ కొంగు సర్దుకుంది. అందరూ నవ్వుముఖాలు పెట్టారు. పెదనాయన నల్లకోటుతో ముందు నిలబడ్డాడు.

"కోటు విప్పు పెదనాయనా. నలుపు వెలుగును మింగేస్తాది."

"ఈ పొద్దు కోసమే కుట్టించినాను గదప్పా!"

"అట్లయితే వెనక్కు పో."

విప్పాడు. లోపలి చొక్కాకు వీపున చిరుగుందని అప్పుడు తెలిసింది, పాపం. కెమెరా పాస్టరుగారివైపు, ఫ్లాష్ మాత్రం జనంవైపు తిప్పి పట్టుకుని, ప్రభువా నీ చిత్తం అని నొక్కాను. కళ్ళు బైర్లు కమ్మిన సంఘమంతా హల్లెలూయ అంది.

ఫోటో వచ్చింది. తెల్లబట్టల మీద పడి తిరిగొచ్చిన వెలుగుకు నీడ పొగమంచులా పలచబడింది. పాస్టరుగారి కళ్ళకింది ముడతల్లో కూడా దయ కనబడింది. గోడకు తగిలించిన రోజు అవ్వ ఫోటో దగ్గరికి పోయి వెతికింది.

"మేమంతా యాడరా? కళ్ళార్పకుండా నిలబడితిమే!"

"ఆయన ముఖం చూడవ్వా. ఆ వెలుగంతా మీరే."

అవ్వ కాసేపు తేరిపార చూసింది. "అయితే ఈ చెంప మీదుండేది నేనే" అని వేలు పెట్టి చూపింది. నుదురు తనదన్నాడు పెదనాయన.

ఇప్పుడు నా తల కూడా పూర్తిగా తెల్లబడింది. ఎవరైనా ఫోటో తీస్తుంటే తెల్లచొక్కాతో వెళ్ళి కెమెరా పక్కన నిలబడతాను. "పక్కకు జరుగు తాతా" అంటారు పిల్లలు. జరుగుతాను గానీ, మరీ దూరం పోను.