ఫ్రీమాంట్ రైల్లో గండి

ఛాతీ దాకా రబ్బరు ప్యాంటు తొడుక్కుని రైలెక్కిన మనిషిని నేను చూడటం అదే మొదలు. ఫ్రీమాంట్‌లో ఎక్కి నా ఎదుటి సీట్లో కూర్చుంది. తెల్లజుట్టు, నుదుట చిన్న బొట్టు. ఫోన్లో నా తెలుగు విని నవ్వింది.

"ఇండియాలో ఏం చేసేవారండీ?"

"ఇరిగేషన్‌లో ఇంజినీర్‌నండీ. వరదొస్తే గట్టుకి గండి పడకుండా చూడటమే నా ఉద్యోగం," అన్నాను, కొంచెం గర్వంగానే. "మరి మీరో?"

"నేను గండ్లు కొట్టిస్తానండీ."

మా వైపైతే ఆ మాటకి పోలీసులొస్తారు. ఆవిడ చేపల సైంటిస్టట. కొండవాగు మీద ఎవరికీ అక్కర్లేని పాత డ్యామొకటి తీసేయిస్తోందట.

"ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి పైకెళ్ళాలి. డ్యామ్ బ్లాక్ చేసేస్తోంది. మన పులస గోదాట్లో ఎదురీదదూ, అలాగే."

"పులుసుకి బాగుంటాయా?"

"తినకూడదండీ. పట్టినా వదిలేయాలి."

తినని చేప కోసం డ్యామ్ పగలగొట్టడమా! నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అదేం పట్టించుకోకుండా కాగితం మీద ప్రింటు తీసిన డ్యామ్ ఫోటో నా చేతిలో పెట్టింది.

"మీరైతే ఎక్కడ కొడతారు?"

ముప్పై రెండేళ్ళ సర్వీసులో నన్నెవరూ అడగని ప్రశ్న. జవాబు మాత్రం తడుముకోకుండా వచ్చేసింది.

"ఒక్కసారే కొట్టకండి. వెనక మేటేసిన బురదంతా దిగి చేపగుడ్లని కప్పేస్తుంది. ఈ ఎడమ పక్క నుంచి మూరెడు మూరెడు దించుకురండి," అంటూ పెన్ను తీసి ఫోటో మీద గీత గీసిచ్చాను.

ఆవిడ దణ్ణం పెట్టి తర్వాతి స్టేషన్లో దిగిపోయింది. రైలు కదిలాక గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ ఆ గీత కింద నా సంతకం కూడా పెట్టేశాను, హోదాతో సహా.