పోలిక

బస్టాండు టైమ్‌కీపర్‌కి ఇరవై ఏళ్లుగా ఒకటే అలవాటు. బస్సు పొగ వదిలి వెళ్లగానే రుమాలుతో ముక్కు, కళ్లజోడు తుడుచుకుంటాడు. ఈమధ్య మాత్రం ఆ తర్వాత ఎడమ చెయ్యి ఛాతీ మీద ఆనించి, ఎవరో పిలిచినట్టు కాసేపు ఆగిపోతున్నాడు. "మీ అమ్మాయి అచ్చం నువ్వే" అని ఎవరైనా అంటే చాలు, ఆ రోజంతా ఆయన మీసం కింద నవ్వు దాగేది కాదు. ఆ అమ్మాయికి అదే బస్టాండులో, టికెట్ల కౌంటరులో ఉద్యోగం వచ్చి నెలైంది.

మొన్న డాక్టరు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "అందరూ పీల్చే పొగే. మీ గుండె మాత్రం తట్టుకోలేకపోతోంది. ఇది పుట్టుకతో రక్తంలో వచ్చే బలహీనత. అమ్మాయికీ వచ్చి ఉండొచ్చు, పరీక్ష చేయించండి."

మర్నాడు ఒక డ్రైవరు ఎప్పట్లాగే, "ఏం బాబాయ్, కూతుర్ని కన్నావా, నిన్ను నువ్వే జిరాక్స్ తీసుకున్నావా!" అన్నాడు. ఆయన మొహం మాడిపోయింది. "నోర్ముయ్‌రా! దానిదంతా వాళ్లమ్మ పోలిక" అని కసిరాడు.

సాయంత్రం గుమ్మంలో కూర్చుని భార్యతోనూ అదే మాట అన్నాడు. అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న కూతురు మెట్ల మధ్యలో ఎడమ చెయ్యి ఛాతీ మీద ఆనించి, ఎవరో పిలిచినట్టు ఆగింది.

భార్య చూసింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, "అవునండీ, అంతా నా పోలికే" అంది.