మంచు మందం కొలిచే మాయ్‌లిస్

మాయ్‌లిస్ హెడ్‌క్విస్ట్‌కి భయం ఎక్కువ. ఈ సంగతి మా ఊరు సెల్విక్‌లో అందరికీ తెలుసు, అందరం నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లం. బడి వంటశాలలో పని ఆమెది. గురువారం గురువారం వండే బఠాణీ సూప్ మూత తీయాలన్నా రెండడుగులు వెనక్కి జరిగి తీసే మనిషి. నవ్వినవాళ్లలో అందరికన్నా పెద్దగా నవ్వింది నేనే. కాబట్టి ఇది రాయాల్సింది కూడా నేనే.

ఇవాళ మా ఆడవాళ్ల ఐస్ హాకీ జట్టు గురించి ఊరంతా గొప్పలు పోతుంది. పై లీగ్‌లో పదకొండేళ్లు, రెండు బంగారు పతకాలు, దేశం తరఫున ఆడిన నలుగురు అమ్మాయిలు. మంచుగడ్డ మైదానమున్న ఆటల హాలు గోడ నిండా ఫోటోలే. మొదటి ఎనిమిదేళ్లూ ఆ హాల్లోకి మమ్మల్ని సరిగ్గా రానివ్వలేదన్న ముక్క మాత్రం ఏ ఫోటో కిందా రాయలేదు. మగపిల్లల జట్లన్నీ ఆడుకోగా మిగిలిన గంట మాది. పదేళ్ల పిల్లకాయలు కావాలంటే అదీ ఇచ్చేయాలి. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్నలు విడిచిన స్కేట్లతో, చంకలో చిరిగిన జెర్సీలతో ఆడిన మొదటి మ్యాచ్‌లో పదిహేడు గోల్స్ తిన్నాం. గోల్‌కీపర్‌ని నేనే కదా, ఒక్కటీ మర్చిపోలేదు.

హాలు దొరకని రోజున గడ్డకట్టిన సముద్రం మీద ఆడేవాళ్లం. అక్కడికే వచ్చింది మాయ్‌లిస్. ఆమెకు పిల్లల్లేరు, ఆట తెలియదు. ఆడపిల్లలు సముద్రం మీద పరుగులు పెడుతున్నారని విని, భయమేసి వచ్చింది. ఆమె తొమ్మిదో ఏట, మార్చి నెలలో వలలు తీయడానికి మంచు మీదకి వెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. అప్పట్నుంచి చేప ముట్టలేదు.

పారతో మంచు పక్కకి నెట్టి మాకు మైదానం చేసిపెట్టేది. రోజూ పొద్దున్నే చేతి బరమాతో ఏడు చోట్ల రంధ్రాలు వేసి, కొలబద్ద దింపి చూసేది. నీళ్లలో పడితే గడ్డలో పొడుచుకుని పైకి పాకడానికి చెక్క పిడుల మేకులు రెండు మెడలో ఎప్పుడూ వేలాడుతుండేవి. పక్కకి నెట్టిన మంచు మైదానం చుట్టూ గుట్టకట్టేది. ఆ బరువుకి కింద గడ్డ కుంగుతుంది, దుప్పటి కప్పినట్టయి చలి తగలక పలచబడుతుంది. అందుకే మేం కర్రలతో కొట్టే రబ్బరు బిళ్ల గుట్ట దాటితే ఇక సముద్రానిదే, ఎవరూ తేవడానికి వెళ్లకూడదు అని ఆమె కట్టడి.

1989 మార్చి. ఆదివారం మ్యాచ్ గెలిస్తే పై లీగ్‌లోకి వెళ్తాం. గురువారం హాలు మళ్లీ పిల్లకాయలకిచ్చారు. బడి వదిలాక, ఎండ ఇంకా ఉండగానే అందరం సముద్రం దగ్గరికి వెళ్తే, మాయ్‌లిస్ బరమా పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఇవాళొద్దు. మధ్యలో పధ్నాలుగు సెంటీమీటర్లుంది. గుట్ట కింద ఏడు కూడా లేదు."

"గుట్ట కింద ఎవరాడతారు మాయ్‌లిస్?" అంది మా కెప్టెన్ టూవా.

"రెండు వారాల్నుంచి ఎండ కాస్తోంది. గడ్డ లోపల్లోపలే పుచ్చిపోయింది. వద్దంటే వద్దు."

అప్పుడు నేను నోరు తెరిచాను. "ఇంట్లో స్నానాల తొట్టిలో దిగే ముందు కూడా బరమా వేసి చూసుకుంటావా ఏంటి?"

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఊపొచ్చింది. "నీ భయాన్ని పట్టుకుని కూర్చుంటే మేం పై లీగ్‌కి వెళ్లినట్టే" అని ఇంకోటి తగిలించాను.

మాయ్‌లిస్ మొహం కందగడ్డలా అయిపోయింది. మా వైపు చూడకుండా పక్కకి తప్పుకుంది. "గంట. గంటే" అంది.

ఇరవై నిమిషాలైనా కాలేదు. ఎవరో కొట్టిన బిళ్ల గుట్ట మీంచి అవతల పడింది. మాకున్నవే తొమ్మిది బిళ్లలు. టూవా ఆలోచించలేదు, గుట్ట ఎక్కి అటు దూకేసింది. తడి గోనెసంచి చిరిగినట్టు చప్పుడైంది. నేను గుట్ట ఎక్కి చూసేసరికి నల్లటి నీళ్లలో ఆమె తల, రెండు చేతులు మాత్రమే కనిపించాయి. అంచు పట్టుకోబోతే అంచు విరిగిపోతోంది. కాళ్లకి స్కేట్లు, దెబ్బ తగలకుండా ఒంటి నిండా కట్టుకున్న మెత్తలు తడిసి కిందికి లాగుతున్నాయి.

పరుగెత్తబోయాం. మా కింద గడ్డ మూలిగింది.

"ఎవరూ కదలకండి" అని అరిచింది మాయ్‌లిస్. "పడుకోండి. అందరూ బోర్లా పడుకోండి."

పడుకున్నాను. చెవి మంచుకి ఆనింది. కింద నీళ్లు కదులుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. నా జన్మలో అంత భయం ఎప్పుడూ పడలేదు. ఒంట్లో ఒక్క వేలు కూడా నా మాట వినలేదు.

మాయ్‌లిస్ పాక్కుంటూ నన్ను దాటి వెళ్లింది. ఏడుస్తోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మెడలోంచి మేకులు తీసి టూవా వైపు జారవిడిచింది. ఇక ఆమెకి లేవు.

"పొడువు టూవా. రెండు చేతులా పొడువు. ఈదినట్టు కాళ్లాడించు."

అంతలో మాయ్‌లిస్ మోచేతుల కింద గడ్డ పగిలింది. ఛాతీ దాకా నీళ్లలోకి జారింది. వెనక్కి తిరక్కుండానే పిలిచింది. "గుడ్రున్, నా బూట్లు పట్టుకో. వదలకు."

ఎలా పాకానో నాకు తెలీదు. బూట్లు పట్టుకున్నాను. నా చేతుల్లో ఆమె కాళ్లు గజగజా వణుకుతూనే ఉన్నాయి. నేను ముందుకి తోసిన గోల్‌కీపర్ కర్రని టూవాకి అందించి మాయ్‌లిస్ లాగింది, నేను ఆమెని లాగాను, నా వెనక అందరూ నన్ను లాగారు. టూవా నీలం పెదాలతో పైకొచ్చి, మంచు మీద దగ్గుతూ పడిపోయింది.

ఆదివారం మూడు రెండుతో గెలిచాం. జట్టు చరిత్ర ఆ రోజు మొదలైందని అందరూ అంటారు. టూవా న్యుమోనియాతో ఆస్పత్రిలో ఉంది. మాయ్‌లిస్ మ్యాచ్‌కి రాలేదు.

సోమవారం బడి వంటశాలకి వెళ్లాను. ఆమె బంగాళాదుంపల చెక్కు తీస్తోంది.

"నిన్ను ఎగతాళి చేశాం మాయ్‌లిస్. మా అందరికన్నా ధైర్యం నీకే ఉంది" అన్నాను.

"ధైర్యమా, నా బొందా" అంది తలెత్తకుండా. "గడ్డ పుచ్చిందని నాకు తెలుసు. తెలిసీ మిమ్మల్ని పోనిచ్చాను. ఆ రోజు నేను మంచుకి భయపడుంటే టూవా నీళ్లలో పడేదే కాదు గుడ్రున్. నీకు భయపడ్డాను. నువ్వు మళ్లీ నవ్వుతావని."

నేను వెళ్లింది క్షమించమని అడగడానికే. గోడకున్న ఇంకో చాకు తీసుకుని ఆమె పక్కన నిలబడ్డాను. ఇద్దరం కలిసి బడి పిల్లలందరికీ సరిపడా బంగాళాదుంపలు ఒలిచాం.