పట్టుచీరలో మొహర్రం ముబారక్

సకీనా ఇంట్లో నేను పులివేషం డాన్సు చేశానని మేముండే గల్ఫు పేట వాడి కబీర్‌లో మన తెలుగువాళ్ళంతా చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం! నేను డాన్సు చేయలేదు. చేసింది అంతకంటే ఘోరం. వినండి.

అప్పుడు టీవీ నిండా షియాల దేశం మీద యుద్ధం కబుర్లే. పొలిటికల్ సైన్స్‌లో ఎమ్మే చేసినదాన్ని, ఊరుకుంటానా? "షియాల రాజకీయం ఒక్క ముక్క తెలీకుండా వీళ్ళు యుద్ధానికి ఎట్లా పోతారండీ?" అని దేశదేశాల మంత్రుల్ని మా సోఫాలోంచే కడిగేశాను.

"నీకెరుకనా?" అన్నాడు మా ఆయన, చపాతీ నములుతూ.

"ఎందుకు తెలీదు? మా జగిత్యాలలో పీర్ల పండుగకి గుండం చుట్టూ ఎగిరినదాన్ని! ఇప్పుడు ఆ మొహర్రమే కదా, రేపు సకీనాకి శుభాకాంక్షలు చెప్పొస్తా."

"ముందు ఆమెనొకసారి అడుగరాదు?"

"శుభాకాంక్షలకి పర్మిషనా!"

సకీనాది మా ఎదురు ఫ్లాటు. హైదరాబాదీ షియా. నా వాదనల దెబ్బకి ఆ బిల్డింగు మొత్తంలో నాతో మాట్లాడే ఆడమనిషి ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె కూడా పోతే ఇక నేను లిఫ్టుతో మాట్లాడుకోవాలి.

మర్నాడు ఎర్ర పట్టుచీర, తల్లో మల్లెపూలు, చేతిలో లడ్డూల పళ్ళెం. తలుపు తెరుచుకోగానే గొంతెత్తి "మొహర్రం ముబారక్!" అన్నాను.

హాలు నిండా ఆడవాళ్ళు. అందరూ నల్లబట్టల్లో కూర్చుని ఏడుస్తున్నారు. నల్లద్రాక్ష బుట్టలో పడ్డ టమాటాలా నిలబడిపోయాను.

సకీనా నా కొంగు పట్టుకుని బరబరా వంటింట్లోకి ఈడ్చింది.

"ఏందాపా ఇది?" అంది. అక్కా అనడానికి ఆపా అంటుంది నన్ను.

"పండుగ కదా..."

"పండుగేంది! మా ఇమామ్ షహీదైన నెల. చావింటికొచ్చి ముబారక్ అంటారా ఎవరన్నా?"

"మరి మా ఊళ్ళో పులివేషాలు కట్టి ఇట్లా..." అని ఒక్క కాలు ఎత్తానో లేదో,

"ఎగరకండాపా! మీ కాళ్ళు మొక్కుతా, ఇక్కడ ఎగరకండి!" అని సకీనా అరిచింది. హాలంతా వినపడింది. పుకారు పుట్టింది అక్కడే.

అంతలో వాళ్ళత్తగారు వచ్చింది. మొహం నిండా దుపట్టా, భుజాలు ఊగిపోతున్నాయి. పెద్దావిణ్ణి ఇంత క్షోభ పెట్టానే అని గబుక్కున వాటేసుకున్నాను. "ఏడవకండమ్మా, తప్పయింది!"

"ఏడుపు కాదాపా," అంది సకీనా పళ్ళు బిగబట్టి. "నవ్వొస్తోంది. ఈ రోజుల్లో నవ్వకూడదని దుపట్టా నోట్లో కుక్కుకుంది."

ఆ పెద్దావిడే నా పూలు తీసేసి, తన నల్ల శాలువా నాకు కప్పి, పక్కన కూర్చోబెట్టుకుంది. లిఫ్టుతో మాట్లాడే గతి తప్పింది.

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: అవతలివాళ్ళని అడక్కుండా నా నోట ముబారక్ అన్న మాట ఈ జన్మలో రాదు. పుట్టినరోజులకైనా సరే.

కానీ నాకొక్కటి చెప్పండి. నన్నయితే కొంగు పట్టుకుని వంటింట్లోకి ఈడ్చడానికి సకీనా ఉంది. యుద్ధానికి బయల్దేరే ఆ దొరల్ని కోటు పట్టుకుని ఈడ్చేదెవరు?