కాన్పుతల్లికి పూసిన వెన్న

అలంపూర్‌కు ఎగువన, తుంగభద్ర ఒడ్డునున్న ఒక ఊళ్లో రాళ్లు కొట్టే హన్మంతు పెళ్లాం భీమమ్మ. గొడ్రాలని పేరు పడిపోయింది. "ఉగాది దాకా చూస్త. అప్పటికీ కడుపు పండకుంటే నా కొడుక్కు ఇంకోదాన్ని తెస్త" అని అత్త తెగేసి చెప్పింది. వెళ్లి తలదాచుకుందామంటే భీమమ్మకు పుట్టిల్లు లేదు, కలరాలో అందరూ పోయారు. ఇక ఆమె ఆశంతా ఏటిగట్టు మీది కాన్పుతల్లే.

ఆ రాతితల్లికి ఒంటిమీద నూలుపోగు లేదు. తల ఉండాల్సిన చోట తామరపువ్వు. మోకాళ్లు ఎడంగా మడిచి, బిడ్డను కనబోతున్నట్టు ఉంటుంది. పిల్లలు లేని ఆడవాళ్లు మంగళవారం ఏట్లో మునిగి, తడిబట్టలతో వచ్చి, ఆమె తొడల నడుమ వెన్న పూసి, అదే వేలితో తీసి నోట్లో వేసుకుంటారు. ఆమెను చూసి సిగ్గుపడాలని ఏ ఆడదానికీ తోచలేదు. మంత్రసాని దగ్గర ఎవరు సిగ్గుపడతారు చెప్పండి!

పట్నంలో చదివొచ్చిన పట్వారి కొడుకు వెంకట్రాములుకు మాత్రం తోచింది. దేశమంతా మేలుకుంటుంటే మన ఆడవాళ్లు బూతుబొమ్మకు మొక్కడమేమిటని చావడిలో ఉపన్యాసం దంచాడు. పెద్దమనుషులు తలలూపారు. బొమ్మను చెక్కి నున్నగా చేసే పని ఎవరికి పడింది? ఇంకెవరికి, హన్మంతుకే.

భీమమ్మ ఉండబట్టలేక పట్వారి ఇంటికి పరుగెత్తింది. గోడకు అద్దం కట్టిన రంగుల పటం వేలాడుతోంది. చెట్టుమీద కృష్ణుడు, కొమ్మల నిండా చీరలు, కింద నీళ్లలో చేతులు అడ్డం పెట్టుకున్న గోపికలు.

"అయ్యా, నీ కాల్మొక్త. మా తల్లిని ముట్టకుండ్రి."

"బట్టల్లేని బొమ్మకు మొక్కనీకి సిగ్గు లేదా?" అన్నాడు వెంకట్రాములు.

"మరి గా పటంల ఏముందయ్యా?"

"నోర్ముయ్! అది భాగవతం."

"గట్లనా! ఆమె మేం చూసుకునే తల్లి. గీళ్లు మీరు చూసుకునేటోళ్లు. గంతేనా?"

ఆ మాటకు ఇంట్లో మొగుడి చేతిలో వీపు చిట్లింది. అయినా రాత్రంతా కాళ్లు పట్టుకుని బతిమాలింది.

"ఉగాది దాకనన్న ఆగు."

"పట్వారోళ్లు చెప్పినంక ఆపనీకి నేనెవన్నే?" అని తెల్లారి ఉలి తీసుకుని పోయాడు హన్మంతు. పనిలో వంక పెట్టలేం. తామరపువ్వు తప్ప ఏమీ మిగల్చలేదు పాడు మనిషి.

ఉగాది వచ్చింది, వెనకే సవతి జములమ్మ వచ్చింది. భీమమ్మ ఓ ముద్ద కోసం ఆ ఇంట్లోనే చాకిరీ చేస్తూ పడి ఉంది. ఏళ్లు గడిచినా జములమ్మ కడుపూ పండలేదు. లోపం హన్మంతులో ఉందేమోనని ఒక్కరూ అనలేదు, అనరు కూడా! "ఉగాది దాకా చూస్త" అని అత్త మళ్లీ మొదలుపెట్టింది.

ఒక మంగళవారం జములమ్మ తడిచీరతో, ఆకులో వెన్నతో వచ్చి నిలబడింది. "అక్కా, మొన్న మా తల్లిగారింట్ల చెప్పిన్రు, పిల్లలిచ్చే తల్లి యాడుందో జర చూపియ్యవా?"

కాదనలేక భీమమ్మ ఏటిగట్టుకు తీసుకుపోయింది. జములమ్మ వేలితో వెన్న తీసి, నున్నటి రాతిమీద అటూ ఇటూ తడుముతూ వెతికింది.

"యాడ పుయ్యాలక్కా? ఏం లేదు గద. ఎవరు చెక్కేసిన్రు?"

"మనాయనే" అంది భీమమ్మ.