సర్వర్‌కు బంద్ తెలియదు

ఆ రోజుల్లో మా కోరుట్లలో తారీఖు అనేది మర్యాద కోసం చెప్పుకునే మాట. పరీక్ష ఫలానా రోజు అంటే, ఆ ఒక్క రోజు తప్ప ఎప్పుడైనా జరగొచ్చని అర్థం. పెళ్లి కార్డులో ముహూర్తం కింద "రాస్తారోకో లేనిచో" అని అచ్చేయించిన మహానుభావుడు మా వాడలోనే ఉన్నాడు. తెలంగాణ మీద ఢిల్లీ వాళ్లు రేపు మాట చెప్తారంటే, రేపంటే ఏ రేపని ఎదురు ప్రశ్న వేసేవాళ్లం. అలాంటి కాలంలో మా సైటును మోసే అమెరికా సర్వర్ కంపెనీ వాళ్లు నాకొక మెయిలు పంపారు. వచ్చే ఆదివారం పాత పీహెచ్‌పీని తీసేస్తున్నాం, ఈలోగా కొత్త వెర్షనుకు మారిపొండి అని. చదివాను, నవ్వుకున్నాను, ఛాయ్ తాగడానికి పోయాను.

పీహెచ్‌పీ అంటే ఏమిటో తెలియని వాళ్లకు ఒక్క ముక్కలో చెప్తాను. సైటంటే మీ ముందుకొచ్చే విస్తరి. పీహెచ్‌పీ అంటే వెనక వంటింట్లో ఉండే మనిషి. మీరు అడిగింది వండి విస్తట్లో వడ్డించేది ఆమే. ఆ ఆదివారం మా వంటమనిషిని మాన్పించి కొత్తామెను పెడుతున్నారన్న మాట. నేను మాత్రం పాతామె చేతి ఉప్పూకారాలకే అలవాటు పడి ఉన్నాను.

ఈ వంట నేను ఏ కాలేజీలోనూ నేర్వలేదు. ఎనిమిదో తరగతిలోనే నాకూ బడికీ విడాకులయ్యాయి. తప్పెవరిదన్నది ఇప్పటికీ పెద్దమనుషుల్లోనే ఉంది. తర్వాత జగిత్యాలలో కంప్యూటర్లు బాగు చేసే ఒక భాయ్ దగ్గర కొన్నాళ్లు స్క్రూలు విప్పాను. ఆయనకు ఇంట్లో ఉర్దూ, గిరాకీతో తెలుగు, కోపమొస్తే రెండూ. పీహెచ్‌పీ నాకు ఎక్కువగా ఆ మూడో భాషలోనే వచ్చింది. ఆ చదువుతో కోరుట్ల బస్టాండు పక్కన నెట్ సెంటర్ పెట్టి, ఖాళీగా ఉండలేక సైటొకటి కట్టాను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మధ్య ఏ రోజు ఏ రోడ్డు తెరిచి ఉంది, ఎక్కడ బైఠాయించారు, ఎక్కడ వంటావార్పు అన్నది అందులో పెట్టేవాణ్ని. ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించేవాళ్లు కదా, అందుకని వేళాకోళానికి "కూర" అని ఒక గడి చేర్చాను. తీరా చూస్తే జనం రోడ్డు కోసం కాదు, కూర కోసమే సైటు తెరుస్తున్నారు. సారంగాపూర్‌లో పప్పుచారు అని పెట్టిన గంటకే బుగ్గారం నుంచి ఫోన్ వచ్చేది, "మేము కోడి కూర వండినం, రాసుకో" అని.

నా పెళ్లి సంబంధం కూడా ఈ సైటు మెడకే చుట్టుకుంది.

పిల్లది సిరిసిల్ల. తండ్రి ఆసామి, అంటే సాంచాలున్న మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. చుట్టాల పెళ్లిలో ఒకసారి ఆ అమ్మాయిని చూశాను. నా సైటు గురించి నేనే గొప్పగా చెప్పుకుంటుంటే విని, "కూర రాస్తున్నరు, మంచిగనే ఉన్నది. ఉప్పు సంగతెందుకు రాస్తలేరు?" అని అడిగి పోయింది. మర్నాటి నుంచి కూర పక్కన ఉప్పు గడి కూడా వెలిసింది. అంతకంటే గట్టిగా ప్రేమను చెప్పుకోవడం నాకు చేతకాదు.

మా అమ్మ బీడీలు చుడుతూ కబురు చెప్పింది.

"పిల్ల తండ్రి ఫోన్ జేసిండు కొడుకా. పోరడు ఏం సదివిండని అడిగిండు."

"ఏమన్నవే?"

"కంప్యూటర్ల ఉంటడన్న."

"కంప్యూటర్ల బల్లి సుత ఉంటది గదనే!"

"నువ్వు గూడ గట్లనే ఉంటవు గద. ఊకె గోడకు అతుక్కొని."

ఆసామి అన్న అసలు మాట అమ్మ తర్వాత చెప్పింది. "సదువుతోని నాకేం పని? సోమవారం అస్తం. ఆ పోరని సైటు ఏ తొవ్వ జెప్తె ఆ తొవ్వలనే అస్తం. తొవ్వ సక్కగుంటె పోరడు సక్కగున్నట్టు" అన్నాడట. అంటే నా మార్కుల మెమో, నా జాతకం, నా గుణం అన్నీ ఆ సైటే. అది సోమవారం పొద్దున సరిగ్గా పనిచేస్తే పెళ్లి, లేకపోతే బల్లి.

అయినా నాకు దడ పుట్టలేదు. ఎందుకంటే ఆదివారం జిల్లా బంద్ అని ప్రకటించారు. బంద్ రోజు బ్యాంకు పనిచేయదు, బడి పనిచేయదు, బస్సు కదలదు. వెర్షను మాత్రం ఎలా మారుతుంది? మర్యాదగా కంపెనీకి ఇంగ్లీషులో మెయిలు కూడా కొట్టాను. అయ్యా, ఆదివారం మా జిల్లాలో బంద్, దయచేసి మా పాత పీహెచ్‌పీని మరుసటి పని దినం నాడు తీసుకొనిపోగలరు అని. వాళ్లు అంతకంటే మర్యాదగా జవాబిచ్చారు. మీ ఖాతా మొత్తం వెతికించాం, అందులో బంద్ అనే ప్రోగ్రాం ఎక్కడా కనబడలేదు అని.

జగిత్యాల భాయ్‌కి ఫోన్ చేసి ఈ జవాబు చదివి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"తమ్మీ, కొత్త వెర్షను ముందుగాల నీ మిషిన్ల ఎక్కించుకొని సైటు నడిపి సూస్కో."

"వాయిదా పడ్తది భాయ్."

"ఎవలు జెప్పిన్రు?"

"అన్నీ పడ్తున్నయ్ గద. ఇదొక్కటి పడదా?"

"అరే పాగల్, అమెరికల ఉన్న సర్వర్‌కు కోరుట్ల బంద్ ఎట్ల ఎరుక?"

ఆదివారం నెట్ సెంటర్ షట్టర్ దించి, నేనూ రోడ్డెక్కాను. బస్టాండు ముందు పెద్ద గుండిగలో సాంబారు ఉడుకుతోంది. డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్లు రోడ్డు మధ్యలో బతుకమ్మ ఆడుతున్నారు. నేను రెండో విడత అన్నం పెట్టించుకుంటుండగా కథలాపూర్ నుంచి మా మేనత్త ఫోన్. చౌరస్తాలో ఆమెకు ఛాయ్ హోటలుంది, ఆ ఊరి కబురు పంపేది ఆమే.

"ఓరి నీ పాడుగాను! గింత మందిమి ఎండల కూసుంటె, తొవ్వ ఖాళీగున్నదని రాస్తవా?"

"నేనెక్కడ రాసిన అత్తా?"

"నీ సైటుల్నే రాసున్నదట! పోరలు సెల్లుల సూసి నా మీదికి అస్తున్నరు. మీ అల్లుడు అవుతలోళ్లకు అమ్ముడువోయిండా అంటున్నరు!"

చేయి కూడా కడగకుండా ఫోనులో సైటు తెరిచాను. పేజీ పైన వరుసగా ఇంగ్లీషు గొణుగుళ్లు. నేను వాడిన ఆజ్ఞ పాతబడిందట, ఇక చెల్లదట. వాటి కింద ఊళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ప్రతి ఊరికీ ఎదురుగా "రోడ్డు తెరిచి ఉంది" అని ఉంది. తారీఖు చూస్తే 1970 జనవరి ఒకటి.

తారీఖును నమ్మని నాకు అది బాగానే బుద్ధి చెప్పింది. మారిన వంటమనిషికి ఇవాళ ఏ రోజో అందలేదు. రోజు అందకపోతే కంప్యూటర్లకు డెబ్బై సాలు మొదటి రోజే గతి. ఆ రోజున నా ఖాతాలో ఏ రాస్తారోకో లేదు కాబట్టి రోడ్లన్నీ తెరిచేసింది. ఇంకొక్క రోజు వెనక్కి పోయి ఉంటే అరవై తొమ్మిది ఉద్యమమన్నా తగిలేది, కొంత పరువు దక్కేది!

సైటు పనిచేయకపోతే సర్దుకోవచ్చు. ఇది అబద్ధం చెప్తోంది. రేపు ఆసామి దీన్ని నమ్మి బయల్దేరితే, ఏ అడ్డంలోనో ఇరుక్కుంటే, నేను అబద్ధాలకోరునని తేలుతుంది. మా వీధిలో కరెంటు లేదు. బంద్ రోజు షట్టర్ ఎత్తితే రాళ్లు. బండి తీసి జగిత్యాల భాయ్ దుకాణం దారి పట్టాను.

ఏ రోడ్డు ఎక్కడ మూసి ఉందో మూడు తాలూకాలకు చెప్పే మనిషిని. ఆ రోజు నాకే తెలియదు. ఊరు దాటిన కాసేపటికే అడ్డంగా కట్టెలు, టైర్లు, మనుషులు.

"ఏడికి వోతున్నవ్ అన్నా? సైటు సూస్కొని బయల్దేరద్దా?"

"ఆ సైటు నాదే తమ్మీ."

వాళ్లు నన్ను కింది నుంచి పైదాకా చూశారు. తర్వాత నవ్వు. "అరేయ్, దొరికిండ్రా! తొవ్వ ఖాళీగున్నదని రాసినాయన ఈయన్నే!" అని చుట్టూ మూగారు. "రా అన్నా, ఖాళీ తొవ్వల కూసో. ఖాళీ పల్లెంల తిను" అని లాక్కుపోయి కూర్చోబెట్టారు. శిక్ష ఏమిటంటే, గొంతు పగిలేలా జై తెలంగాణ అనాలి, ఒక పల్లెం నిండా తినాలి, కూర ఎలా ఉందో చెప్పాలి. తర్వాతి అడ్డం దగ్గరా అదే శిక్ష. ఆ తర్వాతి దాని దగ్గరా అదే. ఒక ఊళ్లో డప్పుకు చిందు కూడా వేయించారు. జగిత్యాల చేరేసరికి కడుపు టైరులా ఉంది, బండి దిగడానికి మనిషి సాయం కావలసి వచ్చింది.

భాయ్ షట్టర్ మోకాలెత్తు లేపి నన్ను లోపలికి గుంజి, మళ్లీ దించాడు. ఇన్వర్టర్ మీద ఒక కంప్యూటరూ ఒక ఫ్యానూ నడుస్తున్నాయి.

"పాత పీహెచ్‌పీ మీ అమ్మ లెక్క," అన్నాడు నా ఫైలు తెరుస్తూ. "ఎవలచ్చినా కూసోవెట్టి అన్నం పెడ్తది. సైటు అడ్రసుల తారీఖు రాసుంటె అడగకుంటనే లోపటికి తీసుకుంటది. కొత్తది పోలీసోని లెక్క. తారీఖువా? ఏడికెళ్లి అచ్చినవ్? అడ్రసు కెళ్లా, ఫారం కెళ్లా? జెప్పకపోతె బయటనే నిల్సోవెడ్తది."

"అంటే ఒక్క మాట రాస్తే అయిపాయె. తారీఖు అడ్రసు నుంచి వస్తదని."

"హా, ఒక్క మాట." ఫైళ్ల వరుస చూసి ఆయన చేయి ఆగిపోయింది. "ఏంది రా ఇది? ఊరికో ఫైలా?"

"ఊరికో గుర్తింపు ఉండాలె గద భాయ్."

"యా అల్లా! ప్రత్యేక రాష్ట్రమంటే సరే. ఊరూరికి ప్రత్యేక ఫైలేంది!"

ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఊరూరూ తిరిగాం. సారంగాపూర్ తెరువు, రాయి, మూయి. బుగ్గారం తెరువు, రాయి, మూయి. గొణుగుళ్లు తెప్పించిన పాత ఆజ్ఞలను తీసేసి వాటి చోట కొత్తవి పెట్టాం. సగం జిల్లా అయ్యాక షట్టర్ మీద దబదబా చప్పుడు.

"ఎవల్రా లోపట? బంద్ నాడు దుకాణం నడుపుతున్నరా?"

"బందే భాయ్ సాబ్! లోపట సుత బందే!" అన్నాడు భాయ్. ఫ్యాను చప్పుడు ఆయన మాటను నిలబెట్టలేదు.

నేనే షట్టర్ కింద నుంచి తల బయటపెట్టి, సైటు బాగు చేస్తున్నాం అన్నాను. అక్కడున్న గుంపు పెద్ద నడుం వంచి నా మొహంలోకి చూశాడు.

"ఏ సైటు? కూరల సైటా? పొద్దుగాల సంది మా టమాట పప్పు ఎందుకు రాలేదని జూస్తున్న! జల్ది జెయ్యుండ్రి." గుంపు వైపు తిరిగి, "ఈ షట్టర్‌ను ఎవ్వలు ముట్టద్దు. ఇది ఉద్యమం పనే" అని ఒక మనిషిని కాపలా పెట్టి పోయాడు.

పొద్దు వాలకముందే సైటుకు ఇవాళ ఏ రోజో అర్థమైంది. తర్వాత కూర్చుని వచ్చిన దారంతా నింపాను. ఏ ఊళ్లో ఎన్ని గంటలకు దారి ఇస్తారు, ఏం తిన్నాను, ఎక్కడ ఉప్పెక్కువ, ఎక్కడ కారం తక్కువ, అన్నీ స్వయంగా అనుభవించిన కడుపుతో రాశాను. చివరగా మేనత్తకు ఫోన్ చేసి కాళ్లావేళ్లా పడ్డాను. రేపు కూడా కథలాపూర్ చౌరస్తాలో వంటావార్పు ఉంటుందనీ, పదింటి దాకా దారి ఇస్తారనీ, గుత్తి వంకాయ కూర అనీ చెప్పింది. "ఉప్పు?" అన్నాను. "నా చేతి ఉప్పునే అనుమానిస్తవా?" అంది. సమానం అని రాశాను.

సోమవారం మా అమ్మ తెల్లారకముందే వంటకు కూర్చుంది. పది దాటింది, రాలేదు. పదకొండు దాటింది, రాలేదు. సైటు తెరిచి తారీఖు చూసుకున్నాను. సరిగ్గానే ఉంది. మళ్లీ చూసుకున్నాను.

"బల్లి మొకపోడా, ఏం తొవ్వ జెప్పినవురా వాళ్లకు?" అంది అమ్మ.

ఎండ నడినెత్తికి వచ్చాక జీపు ఆగింది. ఆసామి, ఆయన వెనక భార్యా కూతురూ దిగారు. ఆయన పొట్ట నిమురుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమనుకోకు చెల్లె, అన్నం వద్దు. కథలాపూర్ల వంకాయ కూర ఉన్నదని మీవాడు రాసె. జూస్తె నిజంగనే ఉండె. తొవ్వ గూడ రాసినట్టే పదింటి దాక ఇడిసిన్రు. ఇడిసిన్రు గని, మేమే లేవలే. అటెన్క బతిలాడుకొని బయటపడ్డం."

అమ్మ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు. కానీ ఆసామి నవ్వుతున్నాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపల, తల్లి పక్కన కూర్చున్న అమ్మాయి తలెత్తింది.

"నిన్న పగటీలి మీ సైటు డెబ్బై సాలుకు పోయింది. ఎందుకు?"

చూసింది! అందరూ నావైపు తిరిగారు.

"అది... మా సైటు సుత బంద్ల పాల్గొన్నది."

"బంద్ల పాల్గొంటె తొవ్వ బందని రాయాలె గద. తెరిచున్నదని రాస్తదా?"

ఇక దాచేదేముంది? మెయిలు సంగతి, వాయిదా పడుతుందనుకున్న సంగతి, నేను వాళ్లకు రాసింది, వాళ్లు బంద్ కోసం వెతికింది అంతా చెప్పేశాను. ఆసామి తొడ చరుచుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని అన్నాడు, "మా సాంచ మీద నూలు సుట్టిన భీము అయిపోతె పాత పోగులు ఇప్పెయ్యం పిలగా. ఒక్కొక్క పాత పోగుకు కొత్త పోగు ముడేస్తం, పాతదే కొత్తదాన్ని గుంజుకుంట పోతది. వైపని అంటం. నీకు వైపని రాదన్నట్టు."

"నేను నేర్పుత తియ్యి బాపూ," అంది ఆ అమ్మాయి.

మా అమ్మ గబగబా బెల్లం తేవడానికి లేచింది. ఆసామి అక్కడికక్కడే లగ్గానికి ఒక తారీఖు అన్నాడు. నా నోరు ఊరుకోదు కదా.

"ఆ రోజు బంద్ పడితే?"

"పడితె పడనియ్యి," అంది ఆమె. "రోడ్డు మీదనే అయితది. కూరేందో సైటుల వెట్టు."

ఒక అడుగు లోపలికి వేసి మళ్లీ ఆగింది.

"ఉప్పు సుత."